నీలి గద్ద రెండేళ్లు: అమెరికా పారిశ్రామిక పునరుద్ధరణ చట్టం, 1933–35

మహామాంద్య చరిత్ర – 6వ భాగం

1929 అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలాక మూడేళ్లలో అమెరికా పారిశ్రామిక ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. 1929లో 53 లక్షల మోటారు వాహనాలు తయారుచేసిన దేశం 1932లో 13 లక్షల చిల్లరతో సరిపెట్టుకుంది. టోకు ధరలు మూడో వంతు తగ్గాయి. 1933 ఆరంభానికి పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు.

ఈ పతనం తనను తానే పెంచుకుంటూ పోయింది. సరుకు కదలకపోవడంతో మిల్లు యజమాని ధర తగ్గించేవాడు. ఆ నష్టం పూడ్చుకోవడానికి కూలి తగ్గించేవాడు, లేదా పనివాళ్లను తీసేసేవాడు. కూలి తగ్గిన కుటుంబం బట్టలు, బూట్లు కొనడం వాయిదా వేసేది. దాంతో సరుకు మరింత పేరుకుపోయేది. తన పనివాళ్లకు పాత కూలే ఇద్దామనుకున్న యజమాని ఉన్నా, పక్క ఊరి పోటీదారు కూలి కోసి ధర దించితే అతనికి రెండే దారులు మిగిలేవి: తానూ దించడం, లేదా మిల్లు మూయడం. ఒక్కొక్కరుగా ఎవరూ ఆగలేని ఈ పోటీని అందరినీ ఒకేసారి ఆపించడం ద్వారా కట్టడి చేయవచ్చన్న ఆలోచన నుంచే 1933 నాటి జాతీయ పారిశ్రామిక పునరుద్ధరణ చట్టం పుట్టింది.

హూవర్ కాలపు ప్రయత్నాలు

రూజ్‌వెల్ట్‌కు ముందు అధ్యక్షుడిగా ఉన్న హెర్బర్ట్ హూవర్ మాంద్యాన్ని చూస్తూ ఊరుకున్నాడన్న మాట పూర్తిగా నిజం కాదు. 1929 నవంబరులోనే ఆయన పెద్ద పారిశ్రామికవేత్తలను వైట్‌హౌస్‌కు పిలిపించి, కూలి తగ్గించవద్దని కోరాడు. వాళ్లు సరేనన్నారు. హెన్రీ ఫోర్డ్ తన కర్మాగారాల్లో కనీస రోజుకూలిని 7 డాలర్లకు పెంచాడు కూడా. కానీ ఆ ఒప్పందానికి మాట తప్ప మరో ఆధారం లేదు. 1931 అక్టోబరులో యు.ఎస్. స్టీల్ సంస్థ కూలిని 10 శాతం కోసింది. మిగతా పరిశ్రమలూ అదే దారి పట్టాయి.

హూవర్ రెండో ప్రయత్నం ఇంతకన్నా గట్టిది. 1932 జనవరిలో ఏర్పడిన రీకన్‌స్ట్రక్షన్ ఫైనాన్స్ కార్పొరేషన్ (ఆర్.ఎఫ్.సి.) 50 కోట్ల డాలర్ల ప్రభుత్వ మూలధనంతో బ్యాంకులకు, రైల్వే కంపెనీలకు, బీమా సంస్థలకు అప్పులివ్వడం మొదలుపెట్టింది. అయితే ఆ ఏడాది జూన్‌లో సంస్థ అధ్యక్ష పదవి నుంచి చార్లెస్ డాస్ తప్పుకున్న కొద్ది రోజులకే, ఆయనతో సంబంధమున్న చికాగో బ్యాంకుకు 9 కోట్ల డాలర్ల అప్పు మంజూరైంది. పేదలకు పైసా విదల్చని ప్రభుత్వం బ్యాంకర్లకు గుమ్మరిస్తోందన్న విమర్శ దేశమంతా పాకింది. అప్పు తీసుకున్న బ్యాంకుల పేర్లు బయటపెట్టడం మొదలయ్యాక మరో చిక్కు వచ్చింది. పేరు కనబడిన బ్యాంకు కష్టాల్లో ఉందనుకుని డిపాజిటుదారులు సొమ్ము వెనక్కి తీసుకోవడానికి ఎగబడేవారు.

అసలు లోపం వేరే ఉంది. మునిగిపోతున్న బ్యాంకుకు అప్పు కొంత ఊపిరి పోస్తుంది. అమ్ముడుపోని సరుకుతో గోదాము నిండిన మిల్లుకు కావలసింది కొనేవాడు. ఆ లోటును ఆర్.ఎఫ్.సి. తీర్చలేకపోయింది.

ముప్ఫై గంటల బిల్లు

1933 మార్చి 4న ఫ్రాంక్లిన్ డి. రూజ్‌వెల్ట్ పదవి చేపట్టేసరికి దేశంలో బ్యాంకులు చాలావరకు మూతపడి ఉన్నాయి. బ్యాంకులు, వ్యవసాయం, నిరుద్యోగులకు సాయం వంటి అంశాలపై కొత్త ప్రభుత్వం వరసగా బిల్లులు తెచ్చింది. పరిశ్రమల విషయంలో మాత్రం దాని దగ్గర సిద్ధంగా ఏ పథకమూ లేదు. తొందరపెట్టింది సెనేట్.

అలబామాకు చెందిన సెనేటర్ హ్యూగో బ్లాక్ వారానికి 30 గంటలు మించి పనిచేయించిన కర్మాగారాల సరుకు రాష్ట్రాల సరిహద్దులు దాటకూడదని బిల్లు తెచ్చాడు. ఉన్న పనిని పదిమందికీ పంచితే నిరుద్యోగం తగ్గుతుందన్నది ఆయన వాదన. ఏప్రిల్ 6న సెనేట్ దాన్ని 53–30 ఓట్లతో ఆమోదించింది. పనిగంటలు తగ్గిస్తే వారపు ఆదాయమూ తగ్గుతుందని, అన్ని పరిశ్రమలకూ ఒకే కొలత పనికిరాదని రూజ్‌వెల్ట్ భావించాడు. బిల్లును అడ్డుకోవాలంటే ప్రత్యామ్నాయం చూపించాలి. హడావిడిగా వేర్వేరు బృందాలు ముసాయిదాలు రాయడానికి కూర్చున్నాయి.

ఆ ముసాయిదాలలో మూడు ఆలోచనలు కలిశాయి. మొదటిది మొదటి ప్రపంచ యుద్ధ కాలపు అనుభవం. 1917–18లో బెర్నార్డ్ బరూక్ నాయకత్వంలో యుద్ధ పరిశ్రమల బోర్డు వ్యాపారులను కూర్చోబెట్టి ఉత్పత్తిని సమన్వయం చేసింది. రెండోది వ్యాపార సంఘాల చిరకాల కోరిక. ధరల గురించి పోటీ కంపెనీలు మాట్లాడుకుంటే ట్రస్టుల నిరోధక చట్టాల కింద నేరమవుతుంది కనుక ఆ సంకెళ్లు సడలించాలని అవి అడుగుతున్నాయి. జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జెరార్డ్ స్వోప్ 1931లోనే ఇలాంటి పథకం ప్రతిపాదించాడు. మూడోది కార్మిక వర్గం కోరుతున్న సంఘ హక్కు. న్యూయార్క్ సెనేటర్ రాబర్ట్ వాగ్నర్, అమెరికా మంత్రివర్గంలో తొలి మహిళగా కార్మిక శాఖ చేపట్టిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఈ చర్చల్లో ముఖ్య పాత్ర వహించారు.

మూడు వర్గాలకూ తలో ముక్క ఇచ్చిన ఈ చట్టం సెనేట్‌లో చివరి ఓటింగులో 46–39తో మాత్రమే గట్టెక్కింది. ఐడహో సెనేటర్ విలియం బోరా వంటివారు ఇది గుత్తాధిపత్యానికి తలుపులు తెరుస్తుందని హెచ్చరించారు. 1933 జూన్ 16న రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు.

చట్టంలోని రెండు భాగాలు

చట్టం మొదటి భాగం ప్రకారం ప్రతి పరిశ్రమా తనకు తాను న్యాయమైన పోటీకి ఒక కోడ్ రాసుకోవచ్చు. కనీస కూలి, గరిష్ఠ పనిగంటలు, నిషిద్ధ వ్యాపార పద్ధతులు అందులో ఉంటాయి. అధ్యక్షుడు ఆమోదించిన రోజు నుంచి ఆ కోడ్‌కు చట్టబలం వస్తుంది. సంతకం పెట్టినా పెట్టకపోయినా ఆ పరిశ్రమలోని ప్రతి సంస్థా దానికి కట్టుబడాలి. ఉల్లంఘిస్తే ఒక్కో నేరానికి 500 డాలర్ల వరకు జరిమానా. ఉల్లంఘన సాగిన ప్రతి రోజూ వేరే నేరమే. కోడ్ ప్రకారం నడిచే సంస్థలకు ట్రస్టుల నిరోధక చట్టాల నుంచి మినహాయింపు దొరికింది. దానికి బదులుగా 7(ఎ) సెక్షన్ కార్మికులకు ఒక హామీ ఇచ్చింది. యజమాని జోక్యం లేకుండా సంఘం పెట్టుకుని, తాము ఎన్నుకున్న ప్రతినిధుల ద్వారా సమష్టిగా బేరమాడే హక్కు వాళ్లకుంటుందని ప్రతి కోడ్‌లోనూ రాయాలి.

రెండో భాగం ప్రజా పనులకు 330 కోట్ల డాలర్లు కేటాయించింది. ఈ రెండూ జంటగా నడవాలన్నది రచయితల ఉద్దేశం. కోడ్‌లు ధరలనూ కూలినీ నిలబెడుతుంటే, వంతెనలు, ఆనకట్టలు, బడుల నిర్మాణంపై ప్రభుత్వం పెట్టే ఖర్చు సిమెంటుకు, ఉక్కుకు, కలపకు గిరాకీ తెస్తుంది. కోడ్‌లు రాసుకోవడానికి వారాలు చాలు. వంతెన కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఈ తేడా మొదట్లోనే పథకాన్ని కుంటుపరిచింది.

జనరల్ జాన్సన్ ఆర్భాటం

కోడ్‌ల అమలుకు ఏర్పడిన జాతీయ పునరుద్ధరణ సంస్థ (ఎన్.ఆర్.ఎ.) అధిపతిగా హ్యూ జాన్సన్ నియమితుడయ్యాడు. వెస్ట్‌పాయింట్‌లో చదివిన అశ్విక దళ అధికారి ఆయన. 1917లో నిర్బంధ సైనిక సేవా పథకం రూపకల్పనలో పనిచేశాడు. తర్వాత నాగళ్ల కంపెనీ నడిపాడు, బరూక్ దగ్గర పనిచేశాడు. రెండు భాగాలూ తన చేతికే వస్తాయని జాన్సన్ ఆశించాడు. చట్టంపై సంతకం జరిగిన రోజే ప్రజా పనులను రూజ్‌వెల్ట్ అంతరంగిక వ్యవహారాల మంత్రి హెరాల్డ్ ఇక్స్ వైపు మళ్లించాడు. జాన్సన్ కోపంతో రాజీనామాకు సిద్ధపడితే, పెర్కిన్స్ ఆయన్ను కారులో ఎక్కించుకుని వాషింగ్టన్ వీధుల్లో తిప్పి శాంతింపజేసింది.

ఒక్కో పరిశ్రమ కోడ్ రాసి ఆమోదం పొందేదాకా ఆగే ఓపిక ప్రభుత్వానికి లేదు. 1933 జూలైలో అధ్యక్షుడు దేశంలోని యజమానులందరికీ ఒక ఉమ్మడి ఒప్పంద పత్రం పంపాడు. కర్మాగారాల్లో వారానికి 35 గంటలు, గంటకు సాధారణంగా 40 సెంట్లు. గుమస్తాలకు వారానికి 40 గంటలు, ఊరి పరిమాణాన్ని బట్టి 12 నుంచి 15 డాలర్లు. 16 ఏళ్లలోపు పిల్లలకు పని నిషేధం. సంతకం చేసినవాళ్లు దుకాణం ముందు నీలి గద్ద బొమ్మ అతికించుకోవచ్చు. ఫిలడెల్ఫియాకు చెందిన ప్రకటనల చిత్రకారుడు చార్లెస్ కాయినర్ గీసిన ఆ గద్ద ఒక కాలితో పళ్లచక్రాన్ని, మరో కాలితో మెరుపులను పట్టుకుని ఉంటుంది. కింద ‘మా వంతు మేం చేస్తున్నాం’ అన్న అర్థమిచ్చే నినాదం.

20 లక్షలకు పైగా యజమానులు సంతకం చేశారు. గద్ద బొమ్మ ఉన్న దుకాణాల్లోనే సరుకులు కొంటామని గృహిణుల చేత ప్రతిజ్ఞ పత్రాలు రాయించారు. సెప్టెంబరు 13న న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో రెండున్నర లక్షల మంది ఊరేగింపుగా నడిచారు. ఆ ఏడాదే పుట్టిన ఫిలడెల్ఫియా ఫుట్‌బాల్ జట్టు తన పేరును ఈ గద్ద నుంచే తీసుకుంది. టైమ్ పత్రిక 1933 సంవత్సరపు ప్రముఖుడిగా జాన్సన్‌ను ఎంపిక చేసింది.

పెద్ద పారిశ్రామికవేత్తల్లో ఎదురు నిలిచినవాడు హెన్రీ ఫోర్డ్. కోడ్ కోరినదానికి తక్కువ కాకుండా కూలి ఇస్తూనే, మోటారు పరిశ్రమ కోడ్‌పై సంతకానికి మాత్రం ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు.

నూలు మిల్లుల కోడ్

మొదట ఆమోదం పొందింది నూలు మిల్లుల కోడ్. దక్షిణ రాష్ట్రాల్లో చవక కూలితో రాత్రింబగళ్లు మిల్లులు నడిపేవారు. ఉత్తరాన న్యూ ఇంగ్లండ్ మిల్లులు వాటితో పోటీపడలేక మూతపడుతున్నాయి. అందుకే అడ్డుకట్ట కావాలని పరిశ్రమే కోరుకుంది. జూలై 9న ఆమోదమైన కోడ్ వారానికి 40 గంటల పని, దక్షిణాన 12, ఉత్తరాన 13 డాలర్ల కనీస వారపు కూలి నిర్ణయించింది. యంత్రాలు వారానికి రెండు 40 గంటల షిఫ్టులకు మించి తిరగకూడదు. చట్టసభలు దశాబ్దాలుగా ప్రయత్నించి చేయలేకపోయిన పనిని, అంటే మిల్లుల్లో బాలకార్మికుల నిషేధాన్ని, ఒక్క సంతకంతో ఈ కోడ్ చేసింది.

ఉక్కు, చమురు, కలప పరిశ్రమల కోడ్‌లు ఆగస్టు 19న, మోటారు పరిశ్రమది ఆగస్టు చివర్లో, బొగ్గు గనులది సెప్టెంబరు 18న వచ్చాయి. ఆపైన ప్రతి చిన్న వర్తకమూ తన కోడ్‌తో వాషింగ్టన్ చేరింది. రెండేళ్లలో 550కి పైగా కోడ్‌లు, వాటికి తోడు 200 పైచిలుకు అనుబంధ కోడ్‌లు ఆమోదం పొందాయి. సుమారు 2 కోట్ల 20 లక్షల మంది కార్మికులు వాటి పరిధిలోకి వచ్చారు.

కాగితం మీద కోడ్ తయారీ సమతూకంగానే కనిపించేది. వ్యాపార సంఘం ముసాయిదా తెస్తుంది. బహిరంగ విచారణ జరుగుతుంది. పరిశ్రమ, కార్మిక, వినియోగదారుల సలహా మండళ్లు అభిప్రాయాలు చెబుతాయి. అయితే ఉత్పత్తి ఖర్చులు, అమ్మకాలు, నిల్వల లెక్కలన్నీ వ్యాపార సంఘం దగ్గరే ఉండేవి. కార్మిక సంఘం లేని పరిశ్రమలో కార్మికుల పక్షాన మాట్లాడే మనిషి దొరికేవాడు కాదు. వినియోగదారుల మండలి మాటను లెక్కచేసినవారు తక్కువ. ఆమోదం తర్వాత కోడ్‌ను నడిపే అధికార మండలి కూడా ఎక్కువగా ఆ పరిశ్రమలోని పెద్ద సంస్థల ప్రతినిధులతోనే నిండేది.

పెరిగిన ధరలు, తగ్గిన పని

కోడ్‌లు రాబోతున్నాయన్న వార్తే మొదట పరిశ్రమలను పరుగెత్తించింది. కూలి, ధర పెరగకముందే సరుకు తయారుచేసి పెట్టుకోవాలని మిల్లులు పోటీపడ్డాయి. 1923–25 సగటును 100గా తీసుకునే ఫెడరల్ రిజర్వ్ ఉత్పత్తి సూచీ 1933 మార్చిలో 60కి అటూ ఇటూగా ఉండి జూలైలో 100కు ఎగసింది. కోడ్‌లు అమల్లోకి వచ్చి, ముందుగా చేసిన సరుకు గోదాముల్లో ఉండిపోయేసరికి నవంబరుకు 72కు జారింది.

పరిశ్రమలు కోడ్‌లలో చొప్పించుకున్న నిబంధనలు పోటీని పలు విధాలుగా బిగించాయి. తయారీ ఖర్చు కన్నా తక్కువకు అమ్మడం చాలా కోడ్‌లలో నిషిద్ధం. ఉక్కు పరిశ్రమలో ధర మార్చదలచిన కంపెనీ ముందుగా కోడ్ మండలికి తెలిపి పది రోజులు ఆగాలి. ఆలోగా పోటీ కంపెనీలన్నిటికీ ఆ సంగతి తెలిసిపోతుంది. కలప పరిశ్రమలో ఒక్కో మిల్లు ఎంత కోయాలో, కనీసం ఎంతకు అమ్మాలో కూడా నిర్ణయించారు. ప్రభుత్వం చేతుల్లోకి వస్తుందనుకున్న పరిశ్రమల నియంత్రణ ఇలా పరిశ్రమల చేతుల్లోనే ఉండిపోయింది. కూలి పెరిగినచోట ధరలు దాన్ని వెన్నంటి పెరిగాయి. జేబులో నాలుగు డాలర్లు ఎక్కువ పడిన కార్మికుడికి బజారులో కొనగలిగేది మాత్రం పెద్దగా పెరగలేదు.

చిన్న వర్తకులకు ఈ నిబంధనలు ఎక్కువ బరువయ్యాయి. పెద్ద కంపెనీకి పేరు, ప్రచారం ఉంటాయి. చిన్నవాడికి ధర తగ్గించడమొక్కటే ఖాతాదారును రప్పించే మార్గం. 1934లో న్యూజెర్సీలో ఒక దర్జీ సూటు ఇస్త్రీకి కోడ్ చెప్పిన 40 సెంట్లకు బదులు 35 సెంట్లు తీసుకున్నందుకు జైలు శిక్షకు గురైతే దేశమంతా పత్రికలు రాశాయి. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో 1934 మార్చిలో ప్రఖ్యాత న్యాయవాది క్లారెన్స్ డారో అధ్యక్షతన ప్రభుత్వం సమీక్షా బోర్డు వేసింది. కోడ్‌లు పెద్ద సంస్థల గుత్తాధిపత్యాన్ని పెంచుతున్నాయని ఆ బోర్డు నివేదిక తేల్చింది. జాన్సన్ దానిపై మండిపడ్డాడు.

నల్లజాతి కార్మికుల విషయంలో కోడ్‌లు మరింత అన్యాయంగా పనిచేశాయి. వాళ్లలో ఎక్కువమంది చేసే వ్యవసాయ కూలి, ఇంటిపని అసలు కోడ్‌ల పరిధిలోకే రాలేదు. దక్షిణాదికి వేరే తక్కువ కూలి రేట్లు పెట్టారు. నల్లవారికీ తెల్లవారికీ సమాన కూలి తప్పనిసరి అయిన కొన్ని చోట్ల యజమానులు నల్లవారిని తీసేసి ఆ పనుల్లో తెల్లవారిని పెట్టుకున్నారు.

7(ఎ) రాజేసిన సమ్మెలు

చట్టం రచయితలు ఊహించని మార్పు 7(ఎ) సెక్షన్ నుంచి వచ్చింది. బొగ్గు గనుల కార్మిక నాయకుడు జాన్ ఎల్. లూయిస్ సంఘం ఖజానాలో ఉన్న డబ్బంతా వెచ్చించి గనులన్నిటికీ ప్రచారకులను పంపాడు. అధ్యక్షుడే మిమ్మల్ని సంఘంలో చేరమంటున్నాడని వాళ్లు ఊరూరా చెప్పారు. కొన్ని నెలల్లోనే లక్షల మంది గని కార్మికులు సభ్యులయ్యారు. బొగ్గు కోడ్ రోజుకు ఎనిమిది గంటల పనిని తెచ్చింది. కంపెనీ దుకాణంలోనే సరుకులు కొనాలని కార్మికులను బలవంతపెట్టడాన్ని నిషేధించింది. ఆడవాళ్ల దుస్తుల పరిశ్రమలోని సంఘం నాలుగైదు రెట్లు పెరిగింది.

యజమానులు దీనికి రెండు రకాలుగా జవాబిచ్చారు. కొందరు సంఘాలను గుర్తించడానికి నిరాకరించారు. మరికొందరు తామే కంపెనీ సంఘాలు పెట్టించి, చట్టం కోరిన ప్రతినిధులు వీళ్లేనన్నారు. వివాదాలు తీర్చడానికి 1933 ఆగస్టులో వాగ్నర్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కార్మిక బోర్డుకు తన తీర్పును అమలుచేయించే అధికారం లేదు. చట్టం హక్కు ఇచ్చింది, దాన్ని రాబట్టుకునే దారి చూపలేదు. కార్మికులు ఆ దారిని వీధుల్లో వెతుక్కున్నారు. 1934లో టొలీడో మోటారు విడిభాగాల కర్మాగారంలో, మినియాపొలిస్ లారీ డ్రైవర్లలో, శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో పెద్ద సమ్మెలు జరిగాయి. మూడుచోట్లా నెత్తురు చిందింది.

సెప్టెంబరులో నూలు మిల్లుల వంతు వచ్చింది. మొదటి కోడ్‌తో నమూనాగా నిలిచిన పరిశ్రమే అతిపెద్ద సమ్మెకు వేదికైంది. కనీస కూలి పెరిగినందుకు బదులుగా యజమానులు ఒక్కో కార్మికుడికి అప్పగించే మగ్గాల సంఖ్య పెంచుతూ పోయారు. ఉత్పత్తి తగ్గించడానికి వేసవిలో యంత్రాల గంటలు కోసేసరికి వారపు ఆదాయమూ పడిపోయింది. మెయిన్ నుంచి అలబామా దాకా సుమారు 4 లక్షల మంది పని ఆపేశారు. దక్షిణ కరోలినాలోని హోనియా పాత్‌లో కాల్పులకు ఏడుగురు కార్మికులు బలయ్యారు. విచారణ హామీతో మూడు వారాలకు సమ్మె విరమించారు కానీ, పనిలోకి తిరిగి తీసుకోని కార్మికులు వేలల్లో ఉన్నారు. సమ్మె సమయంలో యజమానుల పక్షాన మాట్లాడి కార్మికుల విశ్వాసం పోగొట్టుకున్న జాన్సన్ అక్టోబరులో పదవి నుంచి తప్పుకున్నాడు. ఆయన స్థానంలో ఒక బోర్డు వచ్చింది.

ప్రజా పనులు: నెమ్మదైన ఫలితాలు

రెండో భాగం కింద ఏర్పడిన ప్రజా పనుల సంస్థ (పి.డబ్ల్యు.ఎ.) ఇక్స్ చేతుల్లో నడిచింది. ఆయన నిజాయితీపరుడు, అనుమానం మనిషి. ప్రతి ఒప్పందాన్నీ స్వయంగా పరిశీలించేవాడు. దీనివల్ల అవినీతికి తావు లేకపోయింది కానీ మొదటి ఏడాది ఖర్చు మందకొడిగా సాగింది. పరిశ్రమలకు గిరాకీ అత్యవసరమైన 1933 శీతాకాలంలో ఆ లోటు తెలిసొచ్చింది. దాన్ని పూడ్చడానికి హ్యారీ హాప్కిన్స్ ఆధ్వర్యంలో తాత్కాలికంగా పౌర పనుల సంస్థ పెట్టి, 1934 జనవరికి 40 లక్షల మందికి పైగా పని కల్పించారు.

ఆలస్యమైనా పి.డబ్ల్యు.ఎ. పనులు నిలిచిపోయే పనులు. న్యూయార్క్ ట్రైబరో వంతెన, వాషింగ్టన్ రాష్ట్రంలోని గ్రాండ్ కూలీ ఆనకట్ట, న్యూయార్క్–వాషింగ్టన్ రైలుమార్గ విద్యుదీకరణ ఈ నిధులతో ముందుకు సాగాయి. దేశవ్యాప్తంగా బడులు, ఆసుపత్రులు, మురుగునీటి వ్యవస్థలు వచ్చాయి. నౌకాదళానికి మళ్లించిన 23.8 కోట్ల డాలర్లతో యార్క్‌టౌన్, ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకలు తయారయ్యాయి. తర్వాతి కాలంలో పసిఫిక్ యుద్ధంలో ఈ రెండూ కీలకమయ్యాయి.

హూవర్ పెట్టిన ఆర్.ఎఫ్.సి. కూడా ఈ కాలంలో రూపు మార్చుకుంది. హ్యూస్టన్‌కు చెందిన జెస్సీ జోన్స్ నాయకత్వంలో అది బ్యాంకులకు అప్పులిచ్చే బదులు వాటి వాటాలు కొనడం మొదలుపెట్టింది. అప్పు తిరిగి కట్టాల్సిన బరువు బ్యాంకుపై ఉంటుంది. వాటా సొమ్ము మూలధనంగా నిలుస్తుంది. సుమారు 6,000 బ్యాంకులు ఇలా నిలదొక్కుకున్నాయి. 1934లో చట్టం మార్చి, పరిశ్రమలకు నేరుగా అప్పులిచ్చే అధికారమూ దానికి ఇచ్చారు.

కోళ్ల వ్యాపారుల కేసు

కోడ్‌లకు రాజ్యాంగబలం ఉందా అన్న అనుమానం ప్రభుత్వ న్యాయవాదులకు మొదటి నుంచీ ఉంది. అందుకే కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లకుండా వీలైనంత కాలం నెట్టుకొచ్చారు. మొదటి దెబ్బ 1935 జనవరి 7న తగిలింది. టెక్సాస్ చమురు బావుల నుంచి పరిమితికి మించి తోడిన చమురు రవాణాను నిషేధించే అధికారం అధ్యక్షుడికి ఇచ్చిన సెక్షన్‌ను కోర్టు 8–1తో కొట్టేసింది. ఉల్లంఘనను నేరంగా చెప్పే పేరా చమురు కోడ్ సవరణలో పొరపాటున ఎగిరిపోయిందని, ఆ సంగతి చాలాకాలం ఎవరూ గమనించలేదని ఈ కేసులోనే బయటపడింది.

తుది తీర్పు న్యూయార్క్ కోళ్ల వ్యాపారం మీద వచ్చింది. బ్రూక్లిన్‌లో యూదుల ఆచారం ప్రకారం కోళ్లు కోసి చిల్లర వర్తకులకు అమ్మే షెక్టర్ సంస్థపై సజీవ కోళ్ల కోడ్ కింద నేరం మోపారు. కూలి, పనిగంటల నిబంధనలు పాటించలేదని, జబ్బు కోడిని అమ్మిందని, కొనేవాళ్లు గంపలోంచి తమకు నచ్చిన కోడిని ఏరుకోవడానికి ఒప్పుకుందని ఆరోపణలు. చేతికి అందిన కోడినే తీసుకోవాలన్న ఈ చివరి నిబంధనను న్యాయవాది వివరిస్తుంటే ధర్మాసనంలో నవ్వులు వినిపించాయి.

1935 మే 27న తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చట్టం మొదటి భాగాన్ని చెల్లదన్నారు. ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ రాసిన తీర్పు రెండు కారణాలు చూపింది. శాసనం చేసే అధికారాన్ని కాంగ్రెస్ ఏ హద్దులూ గీయకుండా అధ్యక్షుడికి, ఆయన ద్వారా వ్యాపార సంఘాలకు అప్పగించింది. అలా చేయడానికి వీల్లేదు. రెండోది, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కోళ్లు బ్రూక్లిన్ చేరాక జరిగే అమ్మకం స్థానిక వ్యాపారం. రాష్ట్రాల మధ్య వాణిజ్యంపై కేంద్రానికున్న అధికారం దానికి వర్తించదు. అసాధారణ పరిస్థితులు రాజ్యాంగంలో లేని అధికారాలను సృష్టించలేవని తీర్పు స్పష్టం చేసింది. ఉదారవాదులుగా పేరున్న బ్రాండైస్, కార్డోజో కూడా ఇందులో భాగస్వాములే. నాలుగు రోజుల తర్వాత విలేకరుల ముందు రూజ్‌వెల్ట్, దేశాన్ని గుర్రపుబండి కాలం నాటి వాణిజ్య నిర్వచనానికి కోర్టు తీసుకెళ్లిందని విమర్శించాడు. చట్టానికి మరో రెండేళ్ల గడువు ఇవ్వాలని ఆయన ఫిబ్రవరిలోనే కాంగ్రెస్‌ను కోరి ఉన్నాడు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. ఆ సంవత్సరం ముగిసేసరికి ఎన్.ఆర్.ఎ. కథ కూడా ముగిసింది.

ఫలితాల అంచనా

బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1933 డిసెంబరు 31న న్యూయార్క్ టైమ్స్‌లో రూజ్‌వెల్ట్‌కు బహిరంగ లేఖ రాశాడు. పారిశ్రామిక చట్టం సంస్కరణే తప్ప పునరుద్ధరణ కాదని, దానికి అడ్డంకి కూడా కావచ్చని అందులో హెచ్చరించాడు. గిరాకీ పెరిగినప్పుడు ధరలు పెరగడం కోలుకుంటున్న లక్షణం. ఉత్పత్తిని కట్టడి చేసి ధర పెంచితే ఉద్యోగాలు పెరగవు. అందుకే ప్రభుత్వం అప్పుచేసి ఖర్చుపెట్టాలన్నది ఆయన సలహా. తర్వాతి తరాల ఆర్థికవేత్తల్లో హెరాల్డ్ కోల్, లీ ఒహానియన్ కోడ్‌లు మాంద్యాన్ని పొడిగించాయని లెక్కకట్టారు. గౌటి ఎగర్ట్‌సన్ మాత్రం, ధరలు ఇంకా పడిపోతాయన్న భయాన్ని తొలగించడం వల్ల అవి మేలే చేశాయని వాదించాడు.

కోడ్‌లు లేకపోయినా ఉత్పత్తి 1937 దాకా పెరుగుతూనే పోయింది. 1933లో బంగారం నుంచి డాలరును విడదీయడం, బ్యాంకులపై నమ్మకం తిరిగి రావడం, ప్రభుత్వ ఖర్చు ఈ పెరుగుదలకు ఎక్కువ తోడ్పడ్డాయన్నది చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. నిరుద్యోగం మాత్రం 1935లోనూ 20 శాతం దగ్గరే ఉంది.

ధరలను కూడబలుక్కుని నిలబెట్టే ఏర్పాటు చాలా పరిశ్రమల్లో చట్టంతోనే పోయింది. 1938 నాటికి ప్రభుత్వమే థర్మన్ ఆర్నాల్డ్ నాయకత్వంలో గుత్తాధిపత్యాలపై కేసులు పెట్టడం మొదలుపెట్టింది. కార్మికులకిచ్చిన హామీలు మాత్రం మరింత గట్టి రూపంలో తిరిగొచ్చాయి. తీర్పు వచ్చిన 39 రోజులకు, 1935 జూలై 5న, 7(ఎ) స్థానంలో వాగ్నర్ చట్టం వచ్చింది. ఈసారి కార్మిక బోర్డుకు ఉత్తర్వులిచ్చే అధికారం ఉంది. 1937లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1938 నాటి న్యాయమైన కార్మిక ప్రమాణాల చట్టం గంటకు 25 సెంట్ల కనీస కూలి, 44 గంటల వారం, బాలకార్మిక నిషేధం తెచ్చింది. పనిగంటలు క్రమంగా 40కి తగ్గాయి. ఆ బిల్లును మొదట ప్రవేశపెట్టినవారిలో ముప్ఫై గంటల బిల్లు తెచ్చిన హ్యూగో బ్లాక్ ఒకడు. 1937లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన ఆయన, 1941లో ఆ చట్టం చెల్లుతుందని ఏకగ్రీవంగా తేల్చిన ధర్మాసనంలోనూ ఉన్నాడు.